నరకం పాత మాటే

టిప్పు సుల్తాను సైన్యంలో ఒక పటాలానికి లెక్కలు రాసే బ్రాహ్మడొకాయన ఉండేవాడు. పేరు ఆనందరాయర్. టిప్పు పోయాక అదే పని ఒక ఇంగ్లీషు దొర దగ్గర చేశాడు. పోయాక నా గతేమిటన్న బెంగ ఆయన్ని పట్టుకుంది. పెద్దాయనొకరు ఉపాయం చెప్పారు: ఫలానా మంత్రాన్ని నాలుగు లక్షలసార్లు జపించు. ఎంతైనా లెక్కల మనిషి కదా, ఆనందరాయర్ గుళ్లో కూర్చుని ఆ సంఖ్య దాటించి మరీ జపించాడు. ఆరు నెలలు పట్టింది. మనసు మాత్రం కుదుటపడలేదు. ఇంటిముఖం పట్టి వస్తుంటే దారిలో ఒక కతోలిక క్రైస్తవుడు కలిసి మాటలు కలిపాడు, రెండు తెలుగు పుస్తకాలు చేతిలో పెట్టాడు. అలా కతోలికుల్లో కలిశాడు. తర్వాత బైబిలు చదవాలన్న పట్టుదలతో తరంగంబాడి ప్రొటెస్టెంట్ల దగ్గరికి చేరాడు. అక్కడి నుంచి విశాఖపట్నం వచ్చాడు. ఈ కథను క్లాడియస్ బుకానన్ అనే పాద్రీ 1811లో అచ్చువేసిన తన పుస్తకంలో చెప్పాడు.

విశాఖలో అప్పటికే ఇద్దరు దొరలు తెలుగు అక్షరాలు దిద్దుకుంటున్నారు. జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్. లండన్ మిషనరీ సొసైటీ పంపగా 1805లో వచ్చినవాళ్లు. బైబిలును తెలుగు చెయ్యాలన్నది వాళ్ల సంకల్పం. తెలుగు పలుకుబడి తెలిసినవాడు, పరలోకం కోసం ఆరు నెలలు గుళ్లో కూర్చున్నవాడు ఆనందరాయర్. అంతకన్నా తగిన తోడు ఎవరు దొరుకుతారు? ముగ్గురూ కూర్చున్నారు. కానీ క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో ఒకరి వెనక ఒకరు చనిపోయారు. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. అదే ఏడు మార్చిలో ఆ అచ్చుకూటం తగలబడి అక్షరాల సీసం కరిగి ముద్దయింది. విశాఖలో పని ఎడ్వర్డ్ ప్రిచెట్, జాన్ గోర్డన్ చేతుల్లోకి వెళ్లింది. 1818 ప్రాంతానికి కొత్త నిబంధన మొత్తం తెలుగైంది. 1840లో వచ్చిన జాన్ హే దాన్ని దిద్దుతూ దిద్దుతూ విశాఖలోనే దాదాపు అర్ధశతాబ్దం గడిపాడు.

విశాఖ నుంచి శ్రీకాకుళం పోవాలంటే తగరపువలస దాటి, భోగాపురం, పూసపాటిరేగ, రణస్థలం మీదుగా పోవాలి. ఇప్పుడు విమానాశ్రయం పేరుతో మోగుతున్న భోగాపురం అప్పట్లో ఆ బాట మీద ఒక ఊరు. దానికి ఒక పక్క ఒలందుల, అంటే డచ్చివాళ్ల, రేవు భీమిలి, మరో పక్క దొరలు చికాకోల్ అని పిలిచిన శ్రీకాకుళం, పైన రాజుల విజయనగరం. తెలుగు క్రైస్తవుల మరణానంతర లోకం, దాని పేర్లతో సహా, ఎక్కువభాగం ఈ చుట్టుపక్కలే తయారైంది. తయారైంది అనడంలో పొరపాటేమీ లేదు. దొరలు తెచ్చిన నరకానికి ఇక్కడి మాటలే ఇల్లు కట్టాయి.

చిక్కంతా ఆ మాటలతోనే. యూదుల లేఖనాల్లో చచ్చినవాళ్లంతా, మంచివాళ్లూ చెడ్డవాళ్లూ అన్న తేడా లేకుండా, దిగిపోయే చీకటి చోటు పేరు షెయోల్. అది 65 సార్లు వస్తుంది. గ్రీకులో దానికి సాటి మాట హేడీస్. యేసు నోట వచ్చే మాట గెహెన్నా వేరు. అది యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరు నుంచి వచ్చింది. కొత్త నిబంధనలో 12 సార్లు కనిపిస్తుంది, అందులో 11 సువార్తల్లోనే. ఇంగ్లీషు రాజుగారి బైబిలు చాలాచోట్ల ఈ మాటల తేడా చూడక హెల్ అనే రాసింది. తెలుగు బైబిలు ఆ పని చెయ్యలేదు. షెయోల్, హేడీస్‌లకు ఎక్కువగా పాతాళం, గెహెన్నాకు నరకం. ఈ ఒక్క విషయంలో తెలుగు పాఠకుడు ఇంగ్లీషు పాఠకుడి కన్నా మూలానికి దగ్గరగా ఉన్నాడు.

అయితే పాతాళం అన్న మాట ఖాళీగా దొరికింది కాదు. భాగవతం ఐదో స్కంధం, తెలుగులో గంగన రాసినది, పాతాళాన్ని వర్ణించే తీరు చూస్తే అక్కడ బాధపడేవాడు ఎవడూ కనపడడు. అది బిలస్వర్గం. నాగుల మణుల వెలుగు, మేడలు, తోటలు, బలిచక్రవర్తి రాజ్యం. విష్ణుపురాణంలో నారదుడు పాతాళం చూసి వచ్చి స్వర్గం దాని ముందు దిగదుడుపేనన్నట్టు చెప్తాడు. అలాంటి పాతాళంలోకి లూకా సువార్తలోని ధనవంతుడిని దించారు. ఇంటి గుమ్మం ముందు కుక్కలు పుళ్లు నాకుతుంటే పడి ఉన్న లాజరును పట్టించుకోని ఆ షావుకారు, చచ్చాక మంటల్లో నాలుక తడుపుకోవడానికి వేలి కొసంత నీటికి మొహం వాచిపోతాడు. ఆ కథ ఒక్కటి చాలు, పాతాళం రంగు మార్చడానికి. రెండు వందల ఏళ్లలో తెలుగు క్రైస్తవుడి చెవికి పాతాళం అంటే మంట. పక్కింటి హిందువుకి ఇంకా పాములూ, మణులూ, విఠలాచార్య సినిమా.

నరకం మాట మీద అంత గొడవ లేదు. అదే భాగవతం అదే స్కంధంలో 28 నరకాల జాబితా ఉంది: తామిస్రం, రౌరవం, కుంభీపాకం, వైతరణి... ఎవరిని ఎందులో వేయించాలో, ఎవరిని ఎందులో కాల్చాలో శిక్షాస్మృతిలాగా రాసి ఉంది. గరుడ పురాణం చావు జరిగిన ఇంట్లో చదివే పుస్తకం. అది విన్న జనానికి దొరలు వచ్చి నిప్పు గురించి చెప్తే కొత్తగా భయపడటానికి ఏముంది? తీర్పు మాత్రం కొత్తదా? యముడి పక్కన చిత్రగుప్తుడు చిట్టా విప్పి కూర్చునే ఉన్నాడు. కరణం దస్త్రం లేకుండా ఊళ్లో సెంటు భూమి కదలదని తెలిసినవాళ్లకి, పైలోకంలోనూ ఒక కరణం ఉంటాడన్నది నమ్మలేని సంగతేమీ కాదు. బైబిలు చివరి పుస్తకంలో విప్పే జీవగ్రంథం వినేవాళ్లకు ఇట్టే పోల్చుకోదగ్గ వస్తువు.

కొత్తదంతా కాలంలో ఉందని సాధారణంగా చెప్తారు. పురాణ నరకం జైలులాంటిది, శిక్షాకాలం పూర్తయితే విడుదల. ఆ తర్వాత పురుగో పందో మనిషో, మళ్లీ పుట్టుక. క్రైస్తవ నరకానికి విడుదల లేదు. ఆ శిక్షకు తెలుగులో పెట్టిన విశేషణం నిత్య. ఇక్కడొక చిన్న సరదా: నిత్యం అంటే తెలుగులో ఎప్పటికీ ఉండేది అనీ అర్థమే, రోజూ జరిగేది అనీ అర్థమే. నిత్యావసరాలు, నిత్యపూజ, నిత్యకల్యాణం. నిత్యశిక్ష అని తొలిసారి విన్న భోగాపురం రైతు దాన్ని రోజూ పడే శిక్ష అనుకున్నా తప్పు పట్టలేం. అలాంటిది ఆయనకి బాగానే అలవాటు.

కానీ ఎన్నటికీ విడుదల లేని నరకం కూడా ఈ జిల్లాలకు ఓడెక్కి రాలేదు. అంతకు 500 ఏళ్ల ముందే నడిచి వచ్చింది. ఉడుపి మధ్వాచార్యులు జీవులను మూడు తెగలుగా విడదీశారు: ముక్తికి యోగ్యులు, ఎప్పటికీ సంసారంలో తిరిగేవారు, అంధతమస్సుకే యోగ్యులు. ఈ మూడో తెగవారు ఆ చీకటిలోంచి ఇక బయటికి రారు. భారతీయ వేదాంతంలో ఇంత కచ్చితంగా శాశ్వత నరకం చెప్పిన ఆచార్యుడు మరొకరు కనపడరు. ఆ మధ్వుల శిష్యుడు నరహరితీర్థులు కళింగ గాంగుల కొలువులో అధికారం నెరపారు. శ్రీకాకుళానికి దగ్గర్లోని శ్రీకూర్మంలో ఆయన వేయించిన 1281 నాటి శాసనం ఇప్పటికీ ఉంది. అంటే డెగ్రాంజెస్ పడవ దిగేనాటికి, తిరిగి రాని నరకం గురించి తెలిసిన పండితులు శ్రీకూర్మం కోనేటి గట్టు మీద ఐదు శతాబ్దాలుగా ఉండి ఉండాలి. మధ్వులు ఈ భావాన్ని క్రైస్తవుల నుంచి ఎరువు తెచ్చుకున్నారని కొందరు యూరోపియన్ పండితులు ఊహించారు కూడా. శాశ్వత నరకం ఎక్కడ కనపడినా అది తమ సరుకేనన్న ధీమా అది.

నిప్పు పాతదే, చిట్టా పాతదే, చివరికి శాశ్వతత్వమూ పాతదే. మరి కొత్తగా వచ్చిందేమిటి? బతికున్నవాళ్లకీ పోయినవాళ్లకీ మధ్యనున్న తాడు తెగడం. కొడుకు పిండం పెడితే తండ్రి ఒక మెట్టు ఎక్కుతాడన్న లెక్క చెల్లకపోవడం. ఒకే బతుకు, ఒకే చావు, ఆ తర్వాత తీర్పు. మధ్యలో బంధువులు చెయ్యగలిగిందేమీ లేదు. ఉత్తరాంధ్రలో ఈ దెబ్బ ఎంత గట్టిగా తగిలి ఉంటుందో తెలియాలంటే సంక్రాంతి చూడాలి. ఇక్కడ దాన్ని ఊరికే పెద్ద పండగ అనరు. కొత్త బట్టలు ముందు పెద్దలకు పెట్టి, వండినవన్నీ వాళ్ల పేర విడిచి, ఆ తర్వాతే ఇంట్లో వాళ్లు కట్టుకుంటారు, తింటారు. చచ్చిపోయినవాళ్లు ఏడాదికోసారి ఇంటికొచ్చే చుట్టాలు. మతం మారినవాడు వదులుకున్నది రాళ్లకు మొక్కడం ఒక్కటే కాదు. ఆ చుట్టాలకు పెట్టే విస్తరిని కూడా.

తాడు తెగాలా అక్కర్లేదా అన్న దాని మీద క్రైస్తవుల్లోనే తగాదా ఉంది. అది ఇక్కడికీ వచ్చింది. భీమిలిలో 17వ శతాబ్దం నుంచి ఒలందులు రేవు నడిపారు. 1825లో ఇంగ్లీషువాళ్లకు అప్పగించి వెళ్లేదాకా అక్కడే బతికారు, అక్కడే చచ్చారు. వాళ్ల సమాధులు సముద్రం గాలికి గారలూడి ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లు కాల్విన్ మతంవాళ్లు. ఎవరు స్వర్గానికి, ఎవరు నరకానికి అన్నది దేవుడు ముందే నిర్ణయించేశాడు, చచ్చాక చేసే ప్రార్థనకు పని లేదు. పులికాట్‌లోని వాళ్ల శ్మశానానికి వెళ్తే ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు పలకరిస్తాయి. చచ్చినవాళ్ల కోసం చెయ్యగలిగింది లేదన్న మతం, బతికున్నవాళ్లను భయపెట్టే పనిని రాళ్లకు అప్పగించినట్టుంది.

కతోలికులది వేరే దారి. 1846లో విశాఖకు దిగిన కతోలిక పాద్రీలు ఫ్రాన్సు సరిహద్దుల్లోని అన్సీ పట్నం నుంచి వచ్చారు. పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ పేరు పెట్టుకున్న సభవాళ్లు. ఆ ఫ్రాన్సిస్ జెనీవాకు బిషప్పు, కానీ జెనీవా కాల్విన్ శిష్యుల చేతిలో ఉండడంతో అన్సీలో కాపురం ఉన్నాడు. ఆల్ప్స్ కొండల్లో పక్కపక్క ఊళ్లవాళ్ల మధ్య పుట్టిన పోట్లాట, రెండున్నర శతాబ్దాల తర్వాత బంగాళాఖాతం ఒడ్డుకు తెలుగులో కొనసాగడానికి వచ్చిందన్నమాట. లండన్ మిషన్‌వాళ్ల దగ్గర పోయినవాడికి రెండే దార్లు. అన్సీవాళ్ల దగ్గర మూడోది ఉంది: ఉత్తరించు స్థలం. నరకానికి తగినంత పాపం చెయ్యనివాళ్లు, మోక్షానికి ఇంకా శుభ్రపడనివాళ్లు కొంతకాలం ఉండి తేరుకునే చోటు. తమిళ కతోలికులు వాడే మాటకు ఇది తోబుట్టువు. కొత్తగా వినేవాళ్లకు ఎవరినో నరికే చోటులా వినపడినా, ఆ మాటలో ఉన్నది శిక్ష అనుభవించి బాకీ తీర్చుకుని గట్టెక్కడం. పోయినవాళ్ల పేర పూజ చేయించడం, వాళ్ల కోసం జపమాల చెప్పడం ఆ బాకీలో కొంత తీర్చడానికి. పిండం పోయినా తాడు పోలేదు. కతోలిక విశ్వాసం పెద్దలతో సంబంధాన్ని పూర్తిగా తెంపమనలేదు, వేరే రూపంలో ఉంచుకోమంది. పునర్జన్మ లేని పురాణ నరకంలాంటి ఈ మూడో లోకం ఇక్కడివాళ్లకి ఎక్కువ వింతగా తోచి ఉండదు.

పరలోకం పేర్ల దగ్గర కూడా రెండు శాఖలూ విడిపోయాయి. కతోలికులు ఎక్కువగా మోక్షం అన్నారు. నిజానికి ఆ మాట ప్రొటెస్టెంట్లే ముందు అచ్చులోకి ఎక్కించారు: మద్రాసులో పనిచేసి జర్మనీకి తిరిగి వెళ్లిన బెంజమిన్ షుల్జ్ 1746లో హాలె పట్టణంలో అచ్చు వేయించిన పుస్తకం పేరు ‘మోక్షానికి కొంచుపొయ్యే దోవ’. తెలుగు అచ్చు చరిత్రలో మొట్టమొదటి పుస్తకాల్లో ఒకటి అలా చచ్చాక వెళ్లే దారి గురించి అయింది. తర్వాతి ప్రొటెస్టెంటు అనువాదకులకు మోక్షం నచ్చలేదు, అందులో పుట్టుక నుంచి విడుదల ఉంది. స్వర్గమూ పనికిరాలేదు, అందులో రంభా ఊర్వశులున్నారు, పుణ్యం ఖర్చయిపోగానే కిందికి తోస్తారు. చివరికి పరలోకం నిలిచింది. ఆ మాటకు తెలుగులో అసలర్థం ఇంకో లోకం అనే, మంచిదా చెడ్డదా అన్నది అందులో లేదు. బైబిలు దాన్ని దేవుడి ఇంటికి మాత్రమే చెల్లేలా చేసింది.

ఈ మాటలన్నిటికీ పాట కట్టినవాడు ఇటువైపు మనిషే. పురుషోత్తమ చౌదరి 1803లో పర్లాకిమిడి దగ్గర మదనపురంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. శ్రీకాకుళంలో హెలెన్ నాట్ అనే దొరసాని దగ్గర బైబిలు విన్నాడు. 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకున్నాడు. 1890లో పోయేదాకా రాస్తూనే ఉన్నాడు: ‘కులాచార పరీక్ష’, ‘నిస్తార రత్నాకరము’ లాంటి పుస్తకాలు, శతకాలు, అన్నిటికీ మించి వందకు పైగా కీర్తనలు. వాటికి రాగం, తాళం పైన రాసి ఉంటాయి. పండితుడు కావడం వల్ల ఏ మాట వెనక ఏ పురాణం నిలబడి ఉందో ఆయనకు తెలుసు. వేదాంతులు పుస్తకాల్లో తేల్చలేనిదాన్ని ఆయన పాటలు తేల్చాయి: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో నరకం కన్నా రక్షకుడే ఎక్కువ చోటు తీసుకున్నాడు. మంటను వర్ణించడం మీద ఆయనకు పెద్ద మోజు లేదు. పురాణాలు ఆ పని ఎప్పుడో పూర్తి చేశాయని ఆయనకన్నా బాగా ఎవరికి తెలుసు?

ఆ పాటలను ఊరూరా మోసుకెళ్లింది ముఖ్యంగా కెనడా బాప్టిస్టులు. 1875లో భీమిలి, 1879లో బొబ్బిలి, ఆ తర్వాత చుట్టుపక్కల పట్నాలు. కొండల వైపు సాలూరు, పార్వతీపురాల్లో జర్మనీ లూథరన్లు. బాప్టిస్టుల దగ్గర తాడు పూర్తిగా తెగింది. పోయినవాడి కోసం ప్రార్థన లేదు, బతికున్నవాళ్ల ఓదార్పు కోసమే. దానికి తగ్గట్టు భాష కూడా మారింది. చనిపోయాడు అనరు, ప్రభువునందు నిద్రించాడు అంటారు. నిద్రించినవాడు లేవాలి కాబట్టి దహనం కాదు, భూస్థాపన. పదకొండో రోజు పెద్దకర్మ ఉండాల్సిన చోట ఆదరణ కూడిక. పాస్టరు వాక్యం, పాటలు, పోయినవాడి ఫొటోకు దండ, ఊరంతటికీ భోజనం. దాన్ని కర్మ అంటే ఇంటివాళ్లు ఒప్పుకోరు. విస్తళ్ల లెక్క మాత్రం మారదు.

అన్నిటికన్నా సమాధుల దగ్గర చూడాలి. కతోలికులకు నవంబరు 2 సకల ఆత్మల దినం. సమాధులకు సున్నం వేసి, పూలు చల్లి, కొవ్వొత్తులు వెలిగించి, ఉత్తరించు స్థలంలో ఉన్న తమవాళ్ల కోసం ప్రార్థిస్తారు. ఆంధ్రలో చాలాచోట్ల ప్రొటెస్టెంట్లు ఈస్టరు తెల్లవారుజామున అదే సున్నం, అవే పూలు, అవే కొవ్వొత్తులు పట్టుకుని శ్మశానానికి వెళ్తారు. వాళ్లు అక్కడ పోయినవాళ్ల కోసం ఏమీ అడగరు. యేసు లేచాడు, వీళ్లూ లేస్తారు అని పాడతారు. కొవ్వొత్తి అంటించే ముసలమ్మ మనసులో ఈ తేడా ఎంత ఉంటుందో పాస్టరును అడిగి తెలుసుకునే సంగతి కాదు. ఆమె సమాధి మీద చెయ్యి వేసి ఏదో మాట్లాడుతూనే ఉంటుంది. పెద్ద పండగనాడు వదిలేసిన విస్తరి రెండు మూడు నెలల తర్వాత కొవ్వొత్తుల రూపంలో తిరిగొచ్చిందని అనుమానించడానికి చాలినంత కారణం ఉంది.

తాడు నిజంగా తెగిన చోటు కావాలంటే తీరం వదిలి కొండెక్కాలి. శ్రీకాకుళం కొండల నుంచి పర్లాకిమిడి దాటి ఒడిశాలోకి సవరల ఊళ్లున్నాయి. గిడుగు రామమూర్తి పంతులు వాళ్ల భాష నేర్చుకుని 1931లో వ్యాకరణం, తర్వాత నిఘంటువు రాశారు. ఆ భాషలో సోనుమ్ అంటే చచ్చిపోయినవాళ్ల ఆత్మ, కానీ ఆ మాట చెప్పినంత తేలిక కాదు ఆ సంబంధం. 1975 నుంచి ఒడిశా సవరల మధ్య ఉంటూ వచ్చిన పియర్స్ వితెబ్‌స్కీ అనే మానవ శాస్త్రవేత్త రాసిన ప్రకారం, అక్కడ పోయినవాళ్లు కిందిలోకం నుంచి పూనకం వచ్చిన స్త్రీల నోట బంధువులతో మాట్లాడేవాళ్లు. పోట్లాడేవాళ్లు, అలిగేవాళ్లు, తాము ఏ జబ్బుతో పోయారో ఆ జబ్బే బతికున్నవాళ్లకు అంటించేవాళ్లు, బతిమాలితే మెత్తబడేవాళ్లు. అక్కడ నరకమూ లేదు, తీర్పూ లేదు. ఉన్నదల్లా ఏళ్ల తరబడి సాగే సంభాషణ. కోపం చల్లారాక పోయినవాడు తన పేరును ఇంట్లో పుట్టిన బిడ్డకు ఇస్తాడు. మరి కొన్నాళ్లకు కిందిలోకంలో రెండోసారి చచ్చి, ఏ జ్ఞాపకమూ లేని సీతాకోకచిలుక అయిపోతాడు.

అక్కడికీ బాప్టిస్టులు వెళ్లారు. ఒక తరం తిరిగేసరికి కుర్రకారులో ఎక్కువమంది క్రైస్తవులయ్యారు. చదువు వచ్చింది, బలులకు పెట్టే దున్నపోతుల ఖర్చు తగ్గింది, మైదానం షావుకారి ముందు తలెత్తుకునే ధైర్యం వచ్చింది. చచ్చినవాళ్లు యేసు దగ్గర ఉన్నారు, క్షేమంగా ఉన్నారు, వాళ్లతో మాట్లాడనక్కర్లేదు, మాట్లాడకూడదు. వితెబ్‌స్కీ 1993లో అచ్చువేసిన మొదటి పుస్తకం పేరులో చచ్చినవాళ్లతో సంభాషణలు ఉన్నాయి. 2017 నాటి పుస్తకం పేరులో చచ్చినవాళ్లు లేకుండా బతకడం ఉంది. పూనకం వచ్చే ముసలమ్మలు ఒక్కొక్కరే పోతున్నారు. వాళ్లు పోయాక వాళ్లను పిలిచి మాట్లాడించేవాళ్లు ఆ ఊళ్లలో మిగల్లేదు.